గోడకి ఏ వైపు

మంచుకొండల మధ్య ఉన్న మా నారిన్ ఊరి బజారులో పద్నాలుగేళ్ళుగా నేను అమ్మేది గాలి. తెల్లటి పలకల్లో బిగించిన గాలి. థర్మోకోల్ పలక చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, అందుకే కొనేవాడికి మోసపోతున్నానేమోనని అనుమానం. అలాంటివాళ్ళ కోసం కొట్టు ముందు మంచు మీద ఒక పలక పరిచి ఉంచుతాను. బూట్లు విప్పి దాని మీద నిలబడమంటాను. వంద లెక్కపెట్టేలోపు మిగతా బేరం పాదాలే ఆడేస్తాయి.

ఇన్ని వేల పలకలు అమ్మినవాణ్ణి, నా ఇంటికి మాత్రం ఒక్కటీ వేయించుకోలేదు. మాది మా నాన్న కట్టిన ఇటుకల ఇల్లు. చలేస్తే ఇంకో బస్తా బొగ్గు తెచ్చుకుంటాం. సరుకు అమ్ముకునేది, ఇంట్లో గోడకి అంటించుకునేది కాదని నా లెక్క.

మా అమ్మాయి మీరిమ్‌ని అత్-బాషీ లోయలో ఇమాష్ గారి ఇంటికి ఇచ్చాను. ఇమాష్‌కి మూడొందల గొర్రెలు, ఒక గుడారం, రోజుకి పది మాటలు. ఆ పదిలో ఆరు గొర్రెలకే ఖర్చవుతాయి. ఆయన భార్య బూరుల్చా మిగతావాళ్ళందరి వాటా కూడా తనే మాట్లాడేస్తుంది. అల్లుడు తాలాయ్‌ది మాటల్లో తండ్రి పోలికే. మొన్న అక్టోబరులో మీరిమ్‌కి ఆడపిల్ల పుట్టింది.

మాలో పాప పుడితే తొట్టెల పుట్టింటివాళ్ళు తేవాలి. అందరూ తెచ్చేదే కదా, గుర్తుండిపోయేదేదైనా తీసుకెళ్ళాలనుకున్నాను. తొట్టెలతోపాటు అరవై నాలుగు పలకలు వ్యాన్‌లో వేసుకెళ్ళాను. అయిదు సెంటీమీటర్ల మందం, గట్టి రకం. తొట్టెల పండక్కి థర్మోకోల్ తెచ్చిన వియ్యంకుణ్ణి ఆ లోయలో నేనే మొదట. ఊరివాళ్ళంతా వచ్చి వేళ్ళతో నొక్కి చూసి వెళ్ళారు. ఇమాష్ కళ్ళు చెమర్చాయి. దానికి కారణం గాలేనన్నాడు.

నవంబరు చివర్లో తాలాయ్ ఫోన్ చేశాడు.

"మామయ్యా, ఇవి గోడకి లోపల వెయ్యాలా, బయట వెయ్యాలా?"

బయట వేస్తే వల కట్టి, పైన గచ్చు పుయ్యాలి. ఆ చలికి గచ్చు ఆరదు, గడ్డకట్టి పెచ్చులుగా రాలిపోతుంది. అంటే వసంతం దాకా ఆగాలి. అప్పటిదాకా నా కానుక గొర్రెల కొట్టంలో పడి ఉంటుంది. ఊరంతా చూసిన కానుక.

"లోపలే వేసెయ్. పలక పలకే, ఏ వైపైతే ఏంటి" అన్నాను. అప్పుడు కొట్లో ఇద్దరు గిరాకీలున్నారు. ఫోన్ పెట్టేసి ఆ మాట మరిచిపోయాను.

జనవరిలో ఒకరోజు నా భార్య జూరా ఫోన్‌లో పాప దగ్గు విన్నది. ఫోన్ నా చెవి దగ్గర పెట్టి, "విన్నావా? వెళ్ళి చూసి రా. ఆ ఇల్లు చల్లగా ఉంటే ఇద్దర్నీ తీసుకొచ్చెయ్. ఎండలు వచ్చేదాకా ఇక్కడే ఉంటారు" అంది.

చెప్పినంత తేలిక కాదది. నడి శీతాకాలంలో బాలింతని పుట్టింటివాళ్ళు తీసుకుపోయారంటే, కోడల్ని వెచ్చగా ఉంచడం ఆ ఇంటికి చేతకాలేదని లోయలో ప్రతి పొయ్యి దగ్గరా చెప్పుకుంటారు. ఆ తర్వాత వియ్యంకులు ఎదురుపడితే పలకరించుకుంటారేమోగానీ, ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టరు. అదంతా తెలిసే బయల్దేరాను. వ్యాన్‌లో వెనక సీటు విప్పి, తొట్టెల పట్టేంత చోటు చేసుకున్నాను.

"వచ్చారండీ గాలి వర్తకుడు!" గుమ్మంలోనే అందుకుంది బూరుల్చా. "ఈసారి ఏం తెచ్చారు అన్నయ్యగారూ? సంచీలో పొగా?"

"మీ మాటలు నింపుకుపోదామని ఖాళీ సంచులు తెచ్చాను చెల్లెమ్మా."

"అయితే ఆ వ్యాన్ చాలదు!"

ఇమాష్ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "రండి బావగారూ" అని ముందు గదిలోకి తీసుకెళ్ళాడు. తలుపుకి ఎదురుగా, పెద్దవాళ్ళు కూర్చునే చోట, పట్టు పరుపుల మీద కూర్చోబెట్టాడు. పొయ్యి భగభగలాడుతోంది. నా పలకల మీద పూలపూల కాగితం అంటించారు. మాలో పెద్ద అతిథికి పెట్టే గొర్రె తలకాయ నా ముందు పెట్టారు. నేను చెవి కోసి అల్లుడికిచ్చాను, కన్ను ఇమాష్‌కిచ్చాను. అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. ఒక్క వాసన తప్ప. తడిసిన కుక్క వొళ్ళు విదిలించుకున్నాక వచ్చే వాసన.

"పాపేది?" అడిగాను.

"వంటింట్లో వెచ్చగా పడుకుంది" అంది బూరుల్చా టీ పోస్తూ. నా కప్పు నిండుగా పోసేసింది. మాలో అతిథికి సగం కప్పే పొయ్యాలి, నిండా పోస్తే ఇక లేవమని అర్థం. బూరుల్చా అలాంటి తప్పు చేసే మనిషి కాదు. మనసు ఎక్కడో ఉందనుకున్నాను.

వంటింటికి వెళ్ళి చూశాను. పాత మట్టిగది, తల తగిలే కప్పు, పిడకల పొగ. పొయ్యి పక్కన తొట్టెల, తొట్టెల పక్కన నేలమీద మీరిమ్ పరుపు. పాప నన్ను చూసి నవ్వబోయి దగ్గింది. నేను తెచ్చిన పలకల మధ్య నేనే మహారాజులా తలకాయ కూర తింటున్నాను, నా కూతురు పొగలో పడుకుంటోంది. ఆడపిల్ల పుట్టిందనా? ఇంకేదైనా లోపమా? ఆ రాత్రి ఏమీ అనలేదు. అతిథిగా వచ్చిన పూటే తగువు పడితే వండిన మాంసం వృథా.

పొద్దున లేచేసరికి దుప్పటి అంచు తడిగా ఉంది. గోడ కాగితం ఒకచోట ఉబ్బింది. వేలితో నొక్కితే లోపల నీళ్ళు కదిలాయి. పరుపుల దొంతర పక్కకి జరిపి చూశాను. మూల మొత్తం నల్లగా బూజు, గొర్రెపిల్ల వెంట్రుకంత మెత్తగా. పలకకీ మట్టిగోడకీ మధ్య వేలు దూరేంత సందు. మన ఊపిరి, టీ ఆవిరి, పొయ్యి మీద నీళ్ళ ఆవిరి అన్నీ ఆ సందులోకి వెళ్ళి, చల్లటి గోడకి తగిలి నీళ్ళవుతున్నాయి.

సందు వదిలింది ఇమాషూ తాలాయూ. గోరంత జిగురు పూసి అంటించినట్టున్నారు. అయితే వియ్యంకుడి ఇంట్లో తప్పు ఎంచడం అంటే పెళ్ళినాడు వియ్యంకులం ఒకరికొకరం తొడిగిన కోట్లు మళ్ళీ విప్పి విసిరెయ్యడమే. చెప్తే బంధం పోతుంది, చెప్పకపోతే పాప ఊపిరితిత్తులు పాడవుతాయి. ఏమీ చెప్పకుండా తీసుకుపోతే నింద వాళ్ళ మీద పడుతుంది, అయినా పిల్ల దక్కుతుంది. మూడింటిలో మూడోదే తక్కువ నష్టమనిపించింది.

వంటింట్లో మీరిమ్ ఒక్కతే ఉంది. పాప గుడ్డలు ఆరేస్తోంది.

"సర్దుకో. మధ్యాహ్నానికి బయల్దేరుదాం."

"ఎక్కడికి?"

"మనింటికి. మే దాకా."

"నేను రాను నాన్నా."

"నిన్ను వంటింట్లో పడేశారు, ఇంకా రానంటావా?"

"ఎవరూ పడెయ్యలేదు. ఇక్కడే బాగుంటుంది."

"బాగుండడమేంటి? నేనిచ్చిన గది ఏమయింది?"

మీరిమ్ తలవంచుకుని ఒక గుడ్డని రెండుసార్లు పిండింది, ఆరిపోయినదాన్నే. "అత్తయ్య చెప్పొద్దన్నారు" అంది.

"ఏం చెప్పొద్దంది?"

"ఇక చెప్పేస్తాలే!" వెనక తలుపు దగ్గర బూరుల్చా, మోచేతులదాకా పిండి. "మేం గయ్యాళులమని మీ జూరాకి చెప్పడానికేగా ఈ సర్దుడు? వినండి అన్నయ్యగారూ. మీ పలకల గదిలో పదిరోజులుంది పాప. ఎనిమిదో రోజు దగ్గు మొదలు. తొమ్మిదో రోజు కాగితం వెనక నీళ్ళు. పదోరోజు నేను తొట్టెల ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టాను. పొగ ఉంది, నిజమే. కానీ గోడ పొడి. మట్టిగోడ నీళ్ళు తాగుతుంది, వదిలేస్తుంది. మీ తెల్ల పలక తాగదు, వదలదు!"

"మరి పీకెయ్యాల్సింది కదా!"

"వియ్యంకుడు తొట్టెలతో తెచ్చిన కానుకని పీకి పారేస్తే ఏమంటారు? మా ఆయన రోజూ ఆ గదిలోకి వెళ్ళి నిలబడి, గోడ తడిమి, వచ్చేస్తాడు. 'పీకనా?' అంటే 'బావగారి ముఖం ఎలా చూడను' అంటాడు. నెలన్నరగా ఇదే. మీరొస్తున్నారని రెండు రోజుల ముందునుంచీ బొగ్గేసి మండించాం, మీకు తెలియకూడదని!"

నేను కూర్చున్నాను. పిండి సంచీ మీద కూర్చున్నానని తర్వాత తెలిసింది. ఆయన తప్పు నేను దాద్దామని, నా తప్పు ఆయన దాద్దామని, ఇద్దరి మర్యాదా కలిసి పాప గుండెల మీద కూర్చుంది. నా వర్తకంలో ఇంత ఖరీదైన సరుకు నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడే గొర్రెలకి గడ్డి వేసి ఇమాష్ లోపలికొచ్చాడు. మా ముఖాలు చూశాడు. భార్య మోచేతులు చూశాడు. "చెప్పేశావా?" అన్నాడు.

"లోపల వెయ్యమన్నది నేనే బావగారూ" అన్నాను. మీరిమ్ కూడా వినాలని గట్టిగానే అన్నాను. "బయట వెయ్యాలంటే వసంతం దాకా ఆగాలి. ఆగడం ఇష్టంలేక అలా అన్నాను."

"తెలుసు. తాలాయ్ చెప్పాడు."

"మరి మీకేమీ అనిపించలేదా?"

ఇమాష్ టోపీ తీసి మంచు దులిపాడు. "అనిపించింది. గొర్రెకి ఉన్ని బయటే ఉంటుంది. గుడారానికి కంబళి కర్రలకి బయటే కడతాం. లోపల కడితే కర్ర చెమర్చి కుళ్ళిపోతుంది, నెత్తిమీద కారుతుంది. నా ఏడేళ్ళ వయసులో మా తాత చెప్పాడు." అంతసేపు మాట్లాడి అలిసిపోయినట్టు ఆగాడు. "కానీ అమ్మేవాడికి తెలియదా అనుకున్నాను. మీ ఇంట్లో ఏ వైపు వేశారు?"

అబద్ధం చెప్పే అవకాశం ఉంది. నారిన్‌కి వాళ్ళు ఎప్పుడో గాని రారు.

"మా ఇంట్లో వెయ్యలేదు."

"లోపలా?"

"ఏ వైపూ వెయ్యలేదు."

బూరుల్చా నోరు తెరిచింది. మొదట శబ్దం రాలేదు. తర్వాత నవ్వు మొదలై, గోడకి ఆనుకుని, పిండిచేతులతో కళ్ళు తుడుచుకుని, ముఖమంతా తెల్లగా చేసుకుంది. "పద్నాలుగేళ్ళు! ఓరి దేవుడా, పద్నాలుగేళ్ళు ఊళ్ళన్నిటికీ కోట్లు తొడిగి, తను చొక్కాతో తిరుగుతున్నాడు!" మీరిమ్ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. ఇమాష్ మర్యాదకి తలుపు వైపు తిరిగాడు గాని భుజాలు ఊగుతున్నాయి.

నవ్వు అయ్యాక నేను మళ్ళీ అసలు విషయానికొచ్చాను. "అదంతా సరే. ఇంకా మూడు నెలల చలి ఉంది. పొగలో ఉంచలేం, తడిలో ఉంచలేం. ఎవరి తప్పయితేనేం, తల్లీబిడ్డల్ని తీసుకెళ్తాను."

ఇమాష్ ముఖంలో నవ్వు పోయింది. కాదనే హక్కు తనకి లేదనుకున్నాడు కాబోలు.

"నాతో బేరం ఆడు నాన్నా" అంది మీరిమ్.

"ఏం బేరం?"

"పలకలు పీకి బయట వెయ్యండి. పదిరోజుల్లో గది పొడిగా ఉంటే నేనుంటాను. లేకపోతే నీతో వస్తాను, ఏమీ అనను."

"పది రోజులు కొట్టు మూసుకోవాలా? మూడు."

"తడి గోడ మూడురోజుల్లో ఆరుతుందా? ఎనిమిది."

"నాలుగు."

"ఆరు. నేను నీ కూతుర్నే, ఇంక దిగను."

ఆరుకి ఒప్పుకున్నాను. ఈమెని కొట్లో కూర్చోబెట్టకుండా పెళ్ళి చేసి తప్పు చేశానని అప్పుడనిపించింది.

ఆ మధ్యాహ్నమే పీకడం మొదలు. పూల కాగితం తడి చర్మంలా ఊడి వచ్చింది. అరవై నాలుగు పలకల్లో తొమ్మిది విరిగాయి, మిగతావి చెక్కుచెదరలేదు. పలక కుళ్ళదు, ఆ మాట మాత్రం నేనెప్పుడూ నిజమే చెప్పాను. తాలాయ్ బూజు గీకాడు. పొయ్యి నిండా బొగ్గేసి, కిటికీ బెత్తెడు తెరిచి ఆవిరి బయటికి వదిలాం.

ఇక బయట ఎలా నిలబెట్టాలి? మైనస్ ఇరవై ఎనిమిదిలో జిగురు అంటదు, గచ్చు నిలవదు. మట్టిగోడలో మేకు దిగితే పెళ్ళ ఊడుతుంది. నేను పలక పట్టుకుని గోడ ముందు నిలబడ్డాను. ఇమాష్ కొంతసేపు నన్ను చూసి, కొట్టంలోకి వెళ్ళాడు. తండ్రీకొడుకులిద్దరూ గుడారం మూటలు మోసుకొచ్చారు. వెంట్రుకల తాళ్ళు, నేసిన పట్టీలు, కప్పు కర్రలు, దళసరి కంబళ్ళు. ఆ గుడారం ఆయన ప్రాణం. ఎండాకాలం కొండమీదికి వెళ్ళేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వడు.

"ఇవి ఇప్పుడు మంచులో తడిపేస్తే మేలో ఏం కడతారు?" అన్నాను.

"మూటలో ఉన్న గుడారానికి చలేస్తుందా?" అన్నాడాయన.

పలకలు గోడకి ఆనించి, పైన కంబళి వేసి, తాడుతో ఇల్లు మొత్తం చుట్టాం. గుండ్రటి గుడారానికైతే తాడు అంతటా పడుతుంది. చదరపు ఇంటికి మూలల్లోనే బిగిసింది, గోడ మధ్యలో పలకలు గాలికి టపటపలాడాయి. అక్కడ నా బుర్ర పనిచేసింది. గుడారం కప్పు కర్రలకి ఒక కొన వంపు ఉంటుంది కదా, ఆ వంపుని చూరు కింద ఇరికించి, కర్రని నిలువుగా తాడుకీ కంబళికీ మధ్య దూర్చాను. బిగుసుకుపోయింది. అడుగుకొకటి దూర్చాం.

"ఎక్కడ నేర్చుకున్నావు బావా?" అన్నాడు ఇమాష్. అంతవరకూ మేం మీరు మీరు అనుకున్నవాళ్ళం. ఆయన గమనించలేదు, నేను గమనించనట్టు ఊరుకున్నాను.

"ఇప్పుడే, నీ దగ్గర."

పలకల మధ్య సందులకి వ్యాన్‌లో నురగ డబ్బాలున్నాయి. నొక్కితే పిచికారీ అయ్యి, ఉబ్బి, గట్టిపడే నురగ. చలికి డబ్బాలు గడ్డకట్టాయి. వేడినీళ్ళలో పెట్టబోతే పేలతాయేమోనని బూరుల్చా అరిచింది. అందుకని ముగ్గురం తలో రెండు డబ్బాలు కోటు లోపల పొట్టకి ఆనించుకుని తిరిగాం. ఇమాష్ మంచులో పుట్టిన గొర్రెపిల్లల్ని మోసినట్టు మోశాడు, మధ్యమధ్య కోటు తెరిచి చూసుకున్నాడు. మొదటిసారి ఎక్కువ నొక్కేశాడు. తెల్లారేసరికి సందులోంచి తెల్లటి బొజ్జ ఒకటి బయటికి పొంగి వేలాడుతోంది.

"పిండిలో పులుపు ఎక్కువైంది" అంది బూరుల్చా చూసి. "కాల్చి పెట్టమంటారా?"

మూడోరోజుకి ఊరంతా వచ్చింది. "ఇమాష్ ఇల్లు కొండెక్కడానికి బయల్దేరింది! ఒంటె మీద ఎక్కించడమే తరువాయి!" అని ఒకడు. "ఇంటికి కూడా పెళ్ళికూతురి పట్టీ కట్టారే" అని ఇంకొకావిడ. వాళ్ళలో ఇద్దరు నన్ను పక్కకి పిలిచి పలకలు అడిగారు.

"మేలో రండి, గచ్చు ఆరే రోజుల్లో" అన్నాను.

"ఇప్పుడు లోపల వేసుకుంటాంలే, తేలిక కదా?"

"లోపల వేసుకుంటామంటే నేను అమ్మను."

పద్నాలుగేళ్ళలో ఆ మాట అనడం మొదటిసారి. రెండు ఇళ్ళు, నూటముప్ఫై పలకలు. నోట్లోంచి వచ్చేశాక లెక్క కట్టాను. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఆరోరోజు పొద్దున అందరం ఆ గదిలో చేరాం. మూడు రోజులుగా కిటికీ మూసి, మామూలుగా కాపురం చేసినట్టే టీ కాచి, అన్నం వండి, గుడ్డలు ఆరేసి చూశాం. పొయ్యిలో వేసింది రోజుకి బకెట్టు బొగ్గు. నేను గోడమీద అరచెయ్యి పెట్టాను. చల్లగా లేదు, కానీ తడి ఉందో లేదో చేతికి చెమటపట్టి తెలియలేదు.

"తప్పుకోండి" అంది బూరుల్చా. గుప్పెడు పొడి పిండి తెచ్చింది. "గోడకి కొట్టి చూస్తాను. తడి ఉంటే అంటుకుంటుంది, లేకపోతే రాలుతుంది."

తూర్పు గోడ, రాలింది. తలుపు వైపు, రాలింది. కిటికీ కింద, రాలింది. ఉత్తరపు మూల, ఆ బూజు పట్టిన మూల దగ్గర కొట్టింది. పిండి జారింది గాని చెయ్యి వెడల్పు మేర ఒక తెల్లటి మచ్చ నిలిచిపోయింది.

ఇమాష్ చేతులు వెనక్కి కట్టుకుని నేల చూస్తున్నాడు. ఆయన బతిమాలుకోడు, నాకు తెలుసు. నేను ఊ అంటే తొట్టెల తనే మోసుకొచ్చి వ్యాన్‌లో పెడతాడు. నేను ఆ మచ్చ చూశాను. ఆడపిల్ల తండ్రిగా చూశాను, వర్తకుడిగానూ చూశాను. బేరం బేరమే. పాప దగ్గు కూడా నాటకం కాదు.

మీరిమ్ పాపని భుజానేసుకుని ముందుకొచ్చి, ఆ మూల దగ్గర వంగి, మచ్చమీద ఊదింది. పిండి పొగలా లేచి చెదిరిపోయింది. కింద మట్టిగోడ, కొంచెం గరుకు, పొడిగా.

"గోడ అక్కడ గరుకు నాన్నా. మా ఆయన గీకినచోటు" అంది. "తడి పిండి ఊదితే పోతుందా?"

నేనూ వంగి, గోటితో గీకాను. ధూళి రాలింది. రెండో చెయ్యి పాప వీపుమీద వేశాను. ఊపిరి లోపలికి వెళ్ళి బయటికొస్తోంది, గరగర లేదు. రెండు రోజులుగా దగ్గు తగ్గిందని బూరుల్చా చెప్పింది గాని నేను నమ్మలేదు. ఇప్పుడు నా అరచేతికే తెలిసింది.

"పోదు" అన్నాను. "ఉండు."

ఇమాష్ వంటింట్లోకి వెళ్ళి తొట్టెల ఎత్తుకొచ్చాడు. ఎక్కడ పెట్టాలో తోచక గది మధ్యలో అటూ ఇటూ తిరిగాడు. బూరుల్చా పెద్దవాళ్ళు కూర్చునేచోట పట్టుపరుపులు పక్కకి తన్ని, "ఇక్కడే పెట్టు! ఇంతకన్నా పెద్దవాళ్ళెవరున్నారు ఇంట్లో" అంది.

వెనక సీటు మళ్ళీ బిగించి వ్యాన్ ఎక్కాను. ఇమాష్ అద్దం దగ్గరికొచ్చాడు.

"బావా, మేలో గచ్చు పుయ్యడానికి వస్తావుగా?"

"వస్తాను. వల, జిగురు నావి."

"తర్వాత నీ ఇంటికి వెళ్దాం. నేనూ వస్తాను." అద్దం మీది మంచు చేత్తో తుడిచాడు. "ఏ వైపు వెయ్యాలో చెప్తాను."

వెనకనుంచి బూరుల్చా నవ్వు వాకిలి దాటి వీధిలోకి వచ్చింది. మీరిమ్ మాత్రం బయటికి రాలేదు. కిటికీ అద్దం అవతల నిలబడి, పాప చిన్న చెయ్యి పట్టుకుని ఊపింది. తలుపు తీస్తే వేడి పోతుందని సైగ చేసింది. నేనూ అక్కడే ఉండమని సైగ చేసి, వ్యాన్ వెనక్కి తిప్పాను.